చెల్లి పేరుతో ఒప్పుకోలు

హిందీ మాట్లాడే గోవింద్‌పూర్‌లో తెలుగు అన్నాచెల్లెళ్ళ ఇల్లు. ఆదివారం. ఫ్లోరెన్స్ చర్చి నుంచి అప్పుడే వచ్చింది. అన్న జాకీ ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఉంది.

“అది కాదన్నయ్యా, మాట మార్చకు. మన ప్రోగ్రాం లైసెన్స్ ఎవరు మార్చీసారు?”

“ముందు అన్నం తిను. ఎండన పడి వచ్చావు.”

“ఎవరు మార్చారని అడుగుతన్నాను.”

“నేనే. ఐతే ఏటి? ఓపెన్ సోర్స్ అన్నాక ఎవరైనా వాడుకోవచ్చు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.”

“అంతేనా? వాడుకున్నోడు బాగుచేసి పంచితే, ఆ బాగుచేసింది అందరికీ ఇవ్వాలని పాతదాంట్లో ఉంది. కొత్తదాంట్లో ఆ మాటే లేదు. పట్టుకుపోయి తాళమేసుకోవచ్చు.”

“అరే, ఛోడ్ నా, వదిలెయ్. అలాటి షరతులుంటే పెద్ద కంపెనీలు ముట్టుకోవు.”

“ముట్టుకోకపోతే మానెయ్యమను! తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాం అది. ఇక్కడి మన తెలుగోళ్ళ పిల్లలకి తెలుగు చదవడం రాదనే కదా రాసుకున్నాం? పక్కింటి జయమణత్త ఎన్ని పాటలు పాడి తప్పులు దిద్దింది! అమ్మ చేపల పులుసు పంపితే అత్త ఎప్పుడైనా గిన్నె ఖాళీగా తిప్పి పంపిందా?”

“లేదు. ఏదో ఒకటేసే పంపుతాది.”

“ఆ పాత లైసెన్స్ కూడా అలాటిదేనని చర్చిలో అందరికీ చెప్పింది నువ్వే. నువ్వే!”

“చెప్పాను... పాతది ఎక్కడికీ పోలేదు కదా.”

“పాతది మనకి. బాగుపడ్డది ఆళ్ళకి. సరే, ఇది చెప్పు. ఇద్దరం రాసింది. నేను ఒప్పుకోకుండా ఎలా మారింది?”

“మంచినీళ్ళు కావాలా?”

“అన్నయ్యా, నిన్నే.”

“మెల్లగా ఫ్లోరా. అమ్మ వింటాది.”

“విననీ! నేను ఒప్పుకున్నట్టు అక్కడ నా పేరుంది. ఆ టైముకి నేను క్వాయర్‌లో పాడతన్నాను.”

“నీ అకౌంట్ తెరిచే ఉంది. నొక్కీసాను. బస్, అంతే.”

“నా పేరు మీద?”

“ఏం చెయ్యమంటావు? ప్లాంటులో నా కాంట్రాక్ట్ పని అయిపోయింది. లైసెన్స్ మారిస్తే ఉద్యోగం ఇత్తానన్నాడు కంపెనీ మనిషి. మీ చెల్లి కూడా ఒప్పుకోవాలన్నాడు.”

“మరి నన్ను అడగొచ్చు కదా.”

“నువ్వు ఒప్పుకోవు. నాకు తెలీదా? అత్త, గిన్నె, పిల్లలు అని మొదలెడతావు. నిన్ను అడగడం కంటే...”

“కంటే?”

“దొంగతనం సులువనిపించింది. చాలా? తిట్టు.”

“నీ దగ్గర ఏ పాస్‌వర్డూ దాచలేదు అన్నయ్యా. సొంత అన్న దగ్గర దాపరికమేటి అనుకున్నాను. ఏడుపొత్తంది నాకు.”

“తప్పయిపోయింది ఫ్లోరా. రేపే వెనక్కి మార్చేత్తాను. ఉద్యోగం వద్దనేత్తాను.”

“వద్దనకు.”

“ఏటి?”

“ఆ మనిషి ముందు నాకే ఫోన్ చేశాడు. మా అన్నయ్య నోరు తెరిచి ఒక్కసారి అడిగితే చాలు, సరేనంటానని చెప్పాను. అప్పట్నించీ నువ్వు అడుగుతావనే ఎదురు చూత్తన్నాను.”