తిరగేసిన బొమ్మ

(పళ్ళ ఆసుపత్రి గది. డాక్టరమ్మ, ఎక్స్‌రే మెషీన్లు అమ్మే అతను.)

“కొత్తది తీసుకోండి డాక్టరుగారూ, కాదనను. ముందు మీకేం కావాలో చెప్పండి. అందరూ అడిగేవి నాకు కంఠతా వచ్చు. బొమ్మ తేటగా రావాలి, కిరణాలు తక్కువ పడాలి, నోట్లో పెట్టే సెన్సరు పలచగా ఉండాలి, పిల్లలు కొరికినా...”

“అవేం వద్దు. బొమ్మ తనంతట తను తిరగబడకపోతే చాలు.”

“తిరగబడటమేంటండీ?”

“ఎడమ దవడని కుడిదిలా చూపించింది. కుట్టుపని చేసే పెద్దావిడ. పుచ్చింది ఎడమ పన్ను, నేను పీకింది కుడివైపు మంచి పన్ను. దీన్ని నమ్మి.”

“అయ్యయ్యో! ఆవిడేం అనలేదా?”

“అంది.”

“పీకాకా?”

“ముందే. నేను ఇంజెక్షన్ తీస్తుంటేనే ‘ఇటు కాదేమోనమ్మా’ అని వేలు పెట్టి చూపించింది.”

“మరి?”

“బయట పదిమంది కూర్చున్నారు. ‘నీకు తెలుసా, నాకు తెలుసా’ అన్నాను. నోరు మూసుకుంది. అంటే... తెరిచింది, పాపం.”

“హుఁ.”

“ఇప్పుడవన్నీ ఎందుకు? లోపం మెషీన్‌దేనని ఒక్క కాగితం రాసివ్వండి. కొత్తది మీ దగ్గరే కొంటాను.”

“దానికేం భాగ్యం. కాస్త జరగండి, కంప్యూటరు చూస్తాను.”

“దాన్నెందుకు కదపడం?”

“కదపనండీ, చూస్తానంతే. బొమ్మని ఎవరు ముట్టుకున్నా ఇది టైముతో సహా రాసుకుంటుంది. ఇదిగో, తీసింది పదిన్నరకి. ఎడమ అనే ఉంది, సరిగ్గానే ఉంది. పన్ను పీకిందెప్పుడు?”

“పదకొండు... పదకొండయి ఉంటుంది.”

“తిప్పింది పదకొండుంబావుకి.”

“అదే, దానంతట అదే...”

“దానంతట అది తిరగదు డాక్టరుగారూ. ఇక్కడ మీ పేరుంది.”

“ఆవిడ దూది కరిచిపెట్టుకుని ఆ కుర్చీలోనే ఉందండీ. వెనకనించి నన్నే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పాలిగా! ఏదో ఒకటి చూపించాలిగా!”

“నేనేం చూడలేదనుకోండి. కాగితం మాత్రం రాయలేను.”

“తిట్టినా బాగుండేది. ‘మెషీన్ తప్పుకి నువ్వేం చేస్తావు తల్లీ’ అంది. ఆ ఎడమ పన్ను పీకించుకోడానికి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. బయట కూర్చుంది.”

“ఇప్పుడా? మరి నన్నేం చెయ్యమంటారు?”

“ప్రింటు తియ్యండి. రెండు బొమ్మలూ. ఆవిడకి టైము కనపడాలి.”