రిలేకు బిగించిన చెక్క

సికింద్రాబాద్ మేజిస్ట్రేటు ఎదుట 1948 అక్టోబరు 9, శనివారం, పగలు పదకొండున్నరకు నమోదైన వాంగ్మూలం.

నా పేరు బ్రహ్మచారి. తండ్రి వీరాచారి. వయసు నలభై నాలుగు. బోయిగూడలో ఉంటాను. బోయిన్‌పల్లి బాటలోని నూలు మిల్లులో పద్నాలుగేళ్లుగా కరెంటు పని చేస్తున్నాను.

పోయిన నెల 28న ఠాణాలో నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. అది ఉర్దూలో ఉంది. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మిల్లు మోటారును దస్తగిరి కావాలని కాల్చాడని అందులో రాశారట. నేను అలా చెప్పలేదు. అందుకే దీన్ని తెలుగులో రాయమని అడిగాను.

దస్తగిరి మా హెడ్డు ఎలక్ట్రీషియను. అతనంటే నాకు గిట్టదు. ఇది ముందే రాసుకోండి. నాకంటే ఆరేళ్లు వెనక పనిలో చేరాడు. హెడ్డు పని అతనికిచ్చారు. ఒకరోజు పదిమంది ముందు "మీటర్ చూసుడు సుత రాదా నీకు?" అన్నాడు. అప్పటి నుంచి, ఏడాదిన్నరగా, మా ఇద్దరికీ మాటల్లేవు. పని గురించి చెప్పుకోవాల్సింది ఉంటే యంత్రాలకు నూనె పోసే పర్వతాలు అనే అతని చేత చెప్పించుకునేవాళ్లం.

మిల్లును నడిపే పెద్ద మోటారు మూడువేల మూడొందల వోల్టులది. దానికి రిలే అని ఒకటి ఉంటుంది. మోయలేని బరువు పడి మోటారు ఎక్కువ కరెంటు లాగితే, రిలేలోని కడ్డీ పైకి లేచి స్విచ్చిని పడగొడుతుంది. మోటారు ఆగిపోతుంది. ఆగితే కాలదు. రిలే ఉన్నది అందుకే.

సెప్టెంబరు 14, మంగళవారం. యూనియన్ సైన్యం మా రాజ్యంలోకి వచ్చిన రెండో రోజు. సగం మందే పనికి వచ్చారు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర లోపల రిలే నాలుగుసార్లు పడింది. మోటారు ఇరుసు తిరిగే బేరింగు బిగుసుకుంటోంది. చేయి పెడితే చురుక్కుమంది. దస్తగిరి మోటారు ఆపి, ఆ సంగతి పుస్తకంలో రాశాడు. పదింటికి మేనేజరు దేవానందం వచ్చాడు.

"ఆపుడేంది? రేపటికల్లా మాల్ పోవాలె. ఆ రిలే పడకుండ చెయ్," అన్నాడు.

"బేరింగ్ మార్చకుండ నడిపిస్తే మోటార్ కాలిపోతది సాబ్. నేనైతే రిలేను ముట్ట," అని దస్తగిరి బేరింగు వెతకడానికి స్టోరుకు వెళ్లిపోయాడు.

మేనేజరు నా వైపు తిరిగాడు. "నీతోని అయితదా బ్రహ్మచారీ? అయితే రేపటి సంది హెడ్డు నువ్వే."

"అయితది," అన్నాను.

ఎవరూ బలవంతం చేయలేదు. టేకు చెక్క ముక్కను నేనే చాకుతో చెక్కి, కడ్డీ లేవకుండా పైన బిగించాను. రెండుసార్లు చెక్కాల్సి వచ్చింది. పదీ ఇరవైకి మోటారు నడిచింది. ఇక రిలే పడలేదు. ఎలా పడుతుంది?

పదిన్నర దాటాక పర్వతాలు నా దగ్గరికి వచ్చాడు. "దస్తగిరి సాబ్ చెక్క తీయమన్నడు. బేరింగ్ దొరికిందంట. జెర సేపు ఆపితే మారుస్తడంట."

"గాయన్నే వచ్చి నాతోని చెప్పమను," అన్నాను.

"ఏందన్నా, గిప్పుడు సుతనా?" అని పర్వతాలు నవ్వాడు. వెళ్లిపోయాడు.

దస్తగిరి రాలేదు, నేను చెక్క తీయలేదు. పదకొండూ ఐదుకు మోటారు లోపలి నుంచి పొగ వచ్చింది. తీగలకు పూసిన లక్క కాలిన వాసన. నేను దూరంగా ఉన్నాను. స్విచ్చి దగ్గర పర్వతాలే ఉన్నాడు. చేత్తో లాగాడు. అది నూనెలో మునిగి పనిచేసే స్విచ్చి. మోటారు లోపలి తీగలు అప్పటికే కాలి అంటుకుపోయాయి. అంత కరెంటును ఆ స్విచ్చి తెంచలేక పేలింది. మండే నూనె అతని మీద పడింది. దస్తగిరి ఉరికొచ్చి గోనెపట్టా కప్పాడు. నేను ముందు చెక్క తీసి జేబులో పెట్టుకున్నాను. తర్వాతే పర్వతాలు దగ్గరికి వెళ్లాను. ఇది కూడా రాయండి.

దవాఖానలో పర్వతాలుకు నోట మాట రాలేదు. 30వ తేదీన పోయాడు.

అంతకుముందే, 26న, దస్తగిరిని పట్టుకున్నారు. మేనేజరు నాతో, "రజాకార్లు కాలబెట్టిన్రంటే అయిపాయె. నువ్వు సంతకం పెట్టు చాలు," అన్నాడు. పెట్టాను. దస్తగిరి రజాకారేనా అని ఇక్కడ అడిగారు. నాకు తెలియదు. మిల్లు బయట అతను ఏం చేస్తాడో నేనెన్నడూ పట్టించుకోలేదు. ఆ చెక్క మాత్రం నాది.

ఇప్పుడెందుకు చెబుతున్నావని అడిగారు. మొన్న బుధవారం పగలు దస్తగిరి భార్య లతీఫున్నీసా మా ఇంటికి వచ్చింది. నేను లోపలే ఉన్నాను, బయటికి రాలేదు. ఆమె గడపలో నిలబడి నా భార్య అనసూయమ్మతో అంది: "పర్వతాలన్న ఎట్లున్నడని జైల్ల అడుగుతున్నడమ్మా. మంచిగనే ఉన్నడని చెప్పొచ్చిన. పోయిండని చెప్పనీకి నాకు నోరు రాలే."

అంతే చెప్పి వెళ్లిపోయింది. నన్ను ఏమీ అడగలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఈ రోజు ఇక్కడికి వచ్చేవాణ్ని కాదేమో.

ఈ మాటలతో కేసు నా మీదికి వస్తుందని మేజిస్ట్రేటు గారు హెచ్చరించారు. తెలిసే వచ్చాను. దస్తగిరికి క్షమాపణ చెబుతావా అని అడిగారు. చెప్పను. ఇప్పటికీ అతనంటే నాకు గిట్టదు. నేను క్షమాపణ చెప్పుకోవాల్సిన మనిషి పోయాడు.

నన్ను ఇంటికి పంపడం లేదన్నారు. ఇంట్లో వాళ్లకు కబురు పంపాలా అని అడిగారు. అక్కర్లేదు. అనసూయమ్మ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. నేను రమ్మనలేదు. పొద్దున బోయిగూడ నుంచి నా వెనకే నడుచుకుంటూ వచ్చింది.

పైనున్నదంతా నాకు తెలుగులో చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. ఇందులో అబద్ధం లేదు. ఎవరి భయంతోనూ చెప్పలేదు.

(సంతకం) బ్రహ్మచారి