వామి మరుగు గాలి

1957 వేసవిలో, నంద్యాల దాపున ఒక కళ్లంలో జొన్నలు తూర్పారబడుతున్న రైతు చాట దించాడు. ఎదుట నిలిచినవాడు, దొరల ఓడలో మరణించిన అతని తమ్ముడితో కలిసి పనిచేసిన నావికుడు.

"ఓడ మీద దిగే హెలికాప్టరుకు మావోడు జెండా తప్పుగా ఊపినందుకే అది కూలిందని ఓడోళ్ల కాగితం వచ్చిండాది. నిజమేనా అప్పా?"

"కాదన్నా. సరిగ్గానే ఊపినాడు. ఓడ నడిమిన ఇనుప మేడ ఉంటాది. గాలి దాన్ని దాటుకొని, వెనకపక్క సుడి తిరుగుతా కిందికి దిగుతాది. హెలికాప్టరు వాలేది ఆడనే. ఆ సుడే దాన్ని వాని మీదికి తోసేసింది."

"గడ్డివామి మరుగున మేం తూర్పారబట్టం. పొట్టు అంతా తిరిగొచ్చి గింజల్లోనే పడతాది. అంత చదువుకున్న దొరలకు ఇది తెలీదా?"

"తెలుసు. సుడి పక్కకు పోయేట్టు ఓడను గాలికి అడ్డంగా తిప్పమని మీవోడు అడిగినాడు కూడా. కెప్టెను వినలేదు."

"ఈ మాట మాయమ్మకు చెప్పప్పా. కాగితం వచ్చినప్పట్నుంచి వాని పేరెత్తదు."

"ఇంటికాడ చెప్పే వస్తాండా. నమ్మలేదన్నా."

"ఎందుకు నమ్మదు?"

"కాగితం కింద సాక్షి సంతకం ఎవరిదో పోస్టుమాస్టరు ఆమెకు చదివి చెప్పినాడంట."

"ఎవరిదప్పా?"

"నాదే. కెప్టెను పెట్టమంటే పెట్టినా. 'ఆ పొద్దు అబద్ధం రాసినావో, ఈ పొద్దు అబద్ధం చెప్తాండావో, నాకెట్ల తెలుస్తాది నాయనా' అనింది."