పై గడియ

టీవీలో మధ్యాహ్నం వార్తలు చదివి ఇంటికొచ్చిన కొడుకు ఎంత తట్టినా తల్లి తలుపు తీయలేదు.

"అమ్మా, నేనే. తలుపు తియ్యి."

"మా వాడు ఫోన్లో కనిపిస్తూ వార్తలు చదువుతున్నాడు. ఇదిగో, నా కళ్ల ముందే."

"అది నేను కాదమ్మా. నా మొహం, నా గొంతు ఎవరో దొంగిలించారు."

"మా వాడూ అదే అన్నాడు. దొంగిలించినవాడు ఇంటికొస్తాడు, తలుపు తీయొద్దన్నాడు."

"కన్నకొడుకుని పోల్చుకోలేవా? కిటికీలోంచి చూడు."

"చూశాను. అచ్చు గుద్దినట్టున్నావు. అందుకే వణుకొస్తోంది."

"నేను చదివిన వార్తే నమ్ము, ఇంకెవరి మాటా వినకు అని నీకు నేర్పింది నేనే కదే!"

"అందుకేగా నీ మాట వినట్లేదు."

"పోనీ, మనిద్దరికే తెలిసింది చెప్తాను. చెడ్డ వార్త చదివే ముందు కాలరు సర్దుకుంటాను, నువ్వు కంగారుపడకుండా."

"ఇందాక మా వాడూ సర్దుకున్నాడు. వచ్చినవాడు ఈ సంగతి కూడా చెబుతాడమ్మా అన్నాడు."

అతని చెయ్యి తనకు తెలియకుండానే కాలరు మీదికి పోయింది.

లోపల ఫోన్లోంచి అతని గొంతే మెల్లగా, ప్రేమగా వినిపించింది.

"అమ్మా, పై గడియ కూడా వేసుకో."

"అలాగే నాన్నా," అంది తల్లి.