జగన్నాథరావు గారి జీపుకి ఇక ఎవరూ సలహా చెప్పకండి

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, గోదావరి లంక నుంచి పడవ మీద వచ్చిన రైతులకు, రామచంద్రపురం నుంచీ కాకినాడ నుంచీ పనులు మానుకుని వచ్చిన అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డవారికి మరో నమస్కారం. మా బావగారు జగన్నాథరావు గారు పోయారని ఇంతమంది వచ్చారు. ఆయనే ఉంటే మీకు కుర్చీలు వెతకడానికి ఈపాటికి ఊరంతా తిరుగుతూ ఉండేవారు.

నేను గణేష్‌బాబుని, ఆయన బావమరిదిని. ఆ ముందు వరసలో కూర్చున్న రామలక్ష్మి మా అక్క. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఏడవడానికే వచ్చానండీ. కానీ ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది. ఎందుకు వస్తోందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

బయట పందిరి పక్కన ఆయన జీపు ఉంది, చూశారు కదా? ఎవరో దండ కూడా వేశారు. ఆ జీపు సోమవారం మారేడుమిల్లి ఘాటీ ఎక్కబోతోంది. మా మేనకోడలు ఉమాశ్రీకి అటువైపు పశువుల డాక్టరుగా పోస్టింగు వచ్చింది. నాన్న బండి మీదే వెళ్తానంటోంది. మంచిదే. కానీ ఆ బండి స్టీరింగు ఇప్పటికీ సరిగ్గా లేదు. తిన్నగా పట్టుకుంటే ఎడమకి పోతుంది, సర్దితే కుడికి పోతుంది. ఈ సంగతి తెలియనివారు ఈ హాల్లో ఉన్నారా? ఉండరు. ఎందుకంటే దానికి వైద్యం చెప్పనివారే ఈ హాల్లో లేరు!

ఆ జీపు ఆయన లంక పొలాల కోసం కొన్నారు. ఆ ఇసకలో మామూలు బండి దిగబడిపోతుంది, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఆ తరవాత స్టీరింగు తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని గానీ తిరగడం లేదని నాకు ఫోన్ చేశారు. నేనేమన్నాను? 'బావా, నేనొచ్చేదాకా ఏ సామానూ మార్చకు, ఏ నట్టూ బిగించకు. వరసగా ఒక్కొక్కటే చూసుకుంటూ పోదాం' అన్నాను. 'అలాగే' అన్నారు. ఆయన ఎవరికి 'అలాగే' అనలేదు కనక!

నేను వెళ్ళేసరికి బండికి కొత్త టైర్లు ఉన్నాయి. రైస్ మిల్లు చంద్రరావు గారు వచ్చి, తప్పంతా టైర్లదే, వెడల్పువి వెయ్యండి అన్నారట. వేశారు. దేవకుమారి టీచరుగారు తమ కారుకి చక్రాల అలైన్‌మెంట్ చేయిస్తే కుదిరిందన్నారట. చేయించారు. ఉదయ్‌కుమార్ ఫోన్‌లో వీడియో చూపించి, చక్రాలు ఊగకుండా పట్టి ఉంచే డ్యాంపర్ పెట్టమన్నాడట. పెట్టించారు. మంచినీళ్ళకి ఆగిన ఎవరో దారిన పోయే మనిషి, పేరైనా తెలియదు, స్టీరింగ్ బాక్సు మీద స్క్రూ బిగిస్తే చాలన్నాడట. అదీ బిగించారు! బిగిస్తే ఏమైంది? ఉన్న వదులు ఉన్నట్టే ఉంది. పైగా మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం మానేసింది.

అయ్యా, ఇన్ని ఒకేసారి చేస్తే ఏది జబ్బో ఏది మందో ఎలా తెలుస్తుందండీ? ఒకటి చూడాలి. ఒకటి మార్చాలి. నడిపి చూడాలి. అప్పుడు కదా రెండోది ముట్టుకోవాలి! నా సర్వీసంతా పిల్లలకి ఇదే చెప్పాను. బావకి చెబితే ఏమన్నారో తెలుసా? 'ఇంటికొచ్చి మరీ చెప్పారు కదరా గణేషూ, చెయ్యకపోతే చిన్నబుచ్చుకుంటారు.' ఎవరు చిన్నబుచ్చుకుంటారు? ఆ మంచినీళ్ళు తాగి వెళ్ళినాయనా?

పోనీ, అక్కడితో ఆగిందా? నేను పట్టు వదలకుండా ఒకరోజు పొద్దున్నే వెళ్ళాను. దీనికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదండీ, ఇద్దరు మనుషులు చాలు. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగుని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. రెండోవాడు బండి కింద పడుకుని, బాక్సు దగ్గర్నుంచి చక్రం దాకా ఒక్కొక్క జాయింటు మీద చెయ్యి వేసి చూడాలి. ఇటు రాడ్డు కదిలాక అటు ఆలస్యంగా కదిలే జాయింటు ఏదో అదే దొంగ. చేతికి తెలుస్తుంది. చెవి పెడితే టిక్కుమని వినిపిస్తుంది కూడా.

బావని సీట్లో కూర్చోబెట్టాను. నేను కింద దూరాను. బండి చుట్టూ ఎన్ని కాళ్ళు కనబడ్డాయో చెప్పమంటారా? సగం ఊరివి. 'ఆ జాయింటు కాదండీ, దాని పక్కది' అని ఒకరు. 'మా తోడల్లుడి బండికి ఇలాగే అయితే...' అని ఒకరు. బాబూ, కాసేపు మాటలు ఆపండి, నాకు వినబడటం లేదు అని కింద నుంచి మొత్తుకున్నాను. ఇంతలో స్టీరింగు ఆడటం ఆగిపోయింది. బావా, తిప్పు! బావా, తిప్పు! పలకరు. బయటికి వచ్చి చూస్తే సీటు ఖాళీ. ఈ మనిషి దిగి వెళ్ళి అందరికీ కాఫీలు పురమాయిస్తున్నారు! నేను వీపంతా మట్టితో నిలబడితే నా చేతిలోనూ ఒక గ్లాసు పెట్టారు. ఆయన్ని ఏమనాలి? మీరే చెప్పండి. వద్దు, మీరు చెప్పకండి.

ఆ తరవాత మా అక్కని ఎక్కించుకుని పెళ్ళికి వెళ్తుంటే, కాలవ గట్టు మీద ధాన్యం ట్రాక్టరు ఎదురొచ్చింది. పక్కకి తీసిన బండి మళ్ళీ దారిలోకి రాలేదు. కొబ్బరిచెట్టు అడ్డం ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇద్దరూ కాలవలో ఉండేవారు. మా అక్క చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టించుకుంది. గట్టు మీద పోగైనవాళ్ళు ఆవిడ చెయ్యి చూశారా? ముందు చక్రం చూశారు. తలా ఒక కారణం చెప్పారు. బావ ఏం చేశారు? అందరి మాటా విని, అందరికీ దండం పెట్టి, కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చి పంపారు.

కోపం ఒక్కటే చెబితే అబద్ధం అవుతుంది. గోదావరి వరదకి లంకలోకి వెళ్ళే కాజ్‌వే మీదికి నీళ్ళు ఎక్కుతుంటే, ఈ వంకర స్టీరింగుతోనే ఆయన మనుషుల్ని ఇవతలికి చేర్చారు. అందరూ వచ్చేశాక పాపాయమ్మ తన మేకలు ఉండిపోయాయని ఏడిచింది. మరొకరైతే నీళ్ళు చూశావా అని కసిరేవారు. ఈయన మళ్ళీ వెళ్ళారు. మేకల్ని వెనక సీట్లో వేసుకుని, స్టీరింగుతో కుస్తీ పడుతూ వచ్చారు. పాపాయమ్మ ఇవాళ ఇక్కడే ఉంది. మన ఇన్ని సలహాలూ ఏ మనసు విందో ఆ మేకల కోసం వెళ్ళింది కూడా ఆ మనసేనండీ. నాకు తెలుసు. తెలిసే కోపం వస్తోంది.

ఇక ఆయన పోయిన రోజు సంగతి. పొద్దున్న అరుగు మీద కూర్చుని ఛాతీ పట్టేసినట్టుంది అన్నారు. అంతే, వైద్యం మొదలైంది. గ్యాసేనండీ అన్నారొకరు, వాము నమిలారు. సోడా తాగమన్నారొకరు, తాగారు. బరువెత్తి ఉంటారు, భుజం పట్టేసింది అన్నారొకరు, బామ్ రాయించుకున్నారు. అల్లం రసం అన్నారు, అదీ అయింది. మా అక్క కాకినాడ వెళ్దామని బతిమాలుతూనే ఉంది. ఈయన ఏమన్నారట? 'ఇంతమంది చెబుతున్నారు కదే, ఈ కషాయం కూడా చూసి వెళ్దాం.' పొద్దువాలాక గానీ కారు ఎక్కలేదు. ఆస్పత్రి గుమ్మంలో డాక్టరుగారు ఒక్క మాటే అడిగారు: పొద్దుటి నుంచి ఏం చేస్తున్నారు? ఏం చేస్తున్నామండీ మనం? ఆయన మీద ప్రేమ చూపిస్తున్నాం!

ఎవరినీ ఏమీ అనడం లేదు అని ఇక్కడ చెప్పడం మర్యాద. ఆ మర్యాద ఇవాళ నా వల్ల కాదు. అంటున్నాను.

ఎందుకంటే, ఇందాక సభ మొదలవకముందు, ఆ ఫొటోకి దండ వేసిన చోటే నేను నిలబడి విన్నాను. చంద్రరావు గారు ఉమాశ్రీతో, 'ఆదివారం మా డ్రైవర్ని పంపిస్తానమ్మా, ఘాటీ కదా, ముందుగా కింద ఉండే స్ప్రింగు కమాన్లు మార్చి బండి ఎత్తు లేపేస్తాడు' అన్నారు. ఆ పిల్ల ఏమంది? 'అలాగేనండి' అంది. చంద్రరావు గారూ, మీరు మంచి మనసుతోనే అన్నారు. కానీ అసలు దొంగని పట్టకుండా ఎత్తు లేపితే ఆ బండి ఇంకా తూలుతుంది. ఇక్కడ గట్టు పక్కన కొబ్బరిచెట్టు ఉంది. అక్కడ మలుపు పక్కన ఏముందండీ? లోయ ఉంది.

అమ్మా ఉమా, ఇలా చూడు. రేపు నేనూ నువ్వూ ఇద్దరమే. గేటు వేసేద్దాం. నువ్వు స్టీరింగు ఆడించు, నేను కింద పడుకుంటాను. దొరికితే దొరికింది. దొరక్కపోతే సోమవారం బస్సు మీద వెళ్దువుగాని, డ్యూటీకి ఒకపూట ఆలస్యమైనా కొంప మునగదు. కానీ ముందు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. చంద్రరావు గారికి ఇక్కడే, అందరి ముందూ, 'వద్దండి' అని చెప్పు.

చూశారా, తల వంచేసింది. వాళ్ళ అమ్మకేసి చూస్తోంది. నన్ను తిట్టుకుంటోంది కూడా. తిట్టుకో తల్లీ, ఫరవాలేదు. మీ నాన్న తరవాత నిన్ను కూడా పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. నేను ఈ మైకు వదలను. చెప్పు.

ఏమిటీ? వినబడలేదమ్మా. ఇంకోసారి.

ఆఁ. విన్నారా అందరూ? చంద్రరావు గారూ, విన్నారా? మీరు తల ఊపారు, అది చాలు, మీకు వంద దండాలు.

ఇక లేవండి. ముసలివాళ్ళు కూర్చునే ఉండవచ్చు. జగన్నాథరావు గారి కోసం రెండు నిమిషాలు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పకుండా నిలబడదాం.