మా బావ పబ్లిష్ చేసిన ఆకాశం

మా బావ గురించి మా అక్క ఎప్పుడూ ఒకటే మాట అంటుంది, మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు అని. అక్క మాట అబద్ధం కాదు. కానీ ఆ మాటలు కోట దాటేటప్పుడు పక్కన కూర్చుని చూడాలి, గుటక వెయ్యడం మర్చిపోతాం. నేను టైలర్ని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొలతల ప్రకారం బతికేవాణ్ణి, నమ్మకూడదని ముందే అనుకుని కూర్చుంటాను, ఆయన గొంతు సవరించుకోగానే నమ్మేస్తాను.

ఆ పొద్దున కొట్లు ఇంకా తెరవలేదు. టీకొట్టు బెంచీ మీద బావ, ఆయన పక్కన నేను, ఎదురుగా స్టూలు మీద గడియారాలు బాగుచేసే తాత, మెట్టు మీద తాళాల పిన్ని. బావ ఇంటి తాళంచెవిని వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడు. ఆయన పని వెబ్‌సైట్లు చెయ్యడం. మా వీధిలో చేతిపని చేసుకునేవాళ్లందరి వివరాలూ ఒక్కచోట కనిపించేలా ఈ మధ్యే ఒక సైటు చేశాడు.

తాళాల పిన్నికి ఆ సైటు మీదే ప్రాణం. ఎన్నో ఏళ్లు వీధి మొగలో కూర్చుని మారుతాళంచెవులు చేసేది. ఆ మూల భవనం పడగొడుతున్నామని చెప్పి ఆవిడ బడ్డీని మార్కెట్ వెనక సందులోకి తోశారు. ఆ సందులోకి పిల్లి కూడా దారి తప్పితేనే వస్తుంది. కొత్త చోటూ, ఫోన్ నంబరూ సైట్లో పెట్టమని బావకి చెప్పి, అప్పట్నుంచీ ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఒక్క పిలుపూ లేదు. ఈ నెల కూడా ఇలాగే పోతే బడ్డీ ఎవరికైనా ఇచ్చేసి తమ్ముడింటికి పోతానంది. తమ్ముడింట్లో ఆవిడకి అన్నం పెడతారు, మాట్లాడేవాళ్లు మాత్రం ఉండరు.

"బాబూ, నా పేరు ఎక్కించావు కదా?" అని అడిగింది పిన్ని.

"ఎక్కించడమా! పిన్నీ, ఎక్కించడమంటే ఏంటో తెలిస్తే నువ్వీ మాట ఇంత తేలిగ్గా అడగవు," అని బావ గొంతు సవరించుకున్నాడు. నేను గ్లాసు కింద పెట్టేశాను.

"డేటాబేస్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు, గళ్లగళ్ల పట్టిక. ఒక్కో మనిషికి ఒక్కో వరస, పేరుకో గడి, పనికో గడి, కొట్టు ఎక్కడుందో దానికో గడి. కానీ అది చీకటి గదిలో బస్తా లాంటిది, లోపల ఎంత సరుకున్నా బయటివాడికి కనిపించదు. వెబ్‌సైటేమో కొట్టు ముందు అద్దం. ఈ రెంటినీ కలిపేది ప్లగిన్. గోడకి ప్లగ్గు పెడితే దీపం వెలుగుతుంది చూడండి, అలా. పట్టికలో ఒక్క అక్షరం మారిస్తే చాలు, అక్కడ పేజీలో అదే మారిపోతుంది. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు. నేను మొదట్లో ఇంతే చేశాను. ఈ టీకొట్టు పెద్దాయన వరస తీసి, టీ అని ఉన్నచోట ముందు మంచి అని చేర్చాను. అంతే, ఆ రోజునుంచీ ఈ కొట్లో టీ మంచిదైపోయింది."

"అంటే అంతకుముందు?" అన్నాడు టీకొట్టు పెద్దాయన.

"నీ ఎదురుగా ఎందుకులే అన్నా. అప్పుడు అనుమానం వచ్చింది నాకు. ఒరేయ్, పేజీయే మారుతోందా, లేక మనిషే మారుతున్నాడా? చూద్దామని ఈ తాత వరస తెరిచాను. వీధికి ఎడమవైపు అని ఉంది. పాపం మధ్యాహ్నం ఎండంతా మొహాన కొడుతుంది కదా అని, ఎడమ తీసేసి కుడి అని కొట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి కొట్టు కుడివైపు ఉంది! షట్టరుతో సహా, బల్లతో సహా, లోపల టిక్కుటిక్కుమనే గడియారాలతో సహా. ఒక్కటంటే ఒక్కటి ఆగలేదు."

తాత కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "నా కొట్టు ముందునుంచీ కుడివైపే ఉంది కదయ్యా?"

"అదీ! అంత నున్నగా మార్చానన్నమాట, నీకే తెలియలేదు."

ఇంతలో బావ ఫోన్ గుర్రుమంది. ఎవరో చూసి, మొహం చిట్లించి, కట్ చేశాడు. "పెద్దాఫీసు వాళ్లు. పొద్దున్నే మొదలు. నేను లేకపోతే వాళ్లకి పొద్దు గడవదు. ఎక్కడున్నాం? ఆఁ, ఇక ధైర్యం వచ్చేసింది నాకు. పట్టికని అక్షరక్రమంలో పెట్టే మీట ఒకటుంటుంది, దాన్ని నొక్కాను. ఉన్న వీధి ఉన్నట్టు గలగలమని కదిలింది! అద్దాల కొట్టు వీధి మొదటికి పోయింది, సెలూను చివరికి పోయింది, మధ్యలో ఎవడి అక్షరం దగ్గర వాడు. పాపం ఒకాయన వీధి మొదట్లో గడ్డానికి నురగ రాయించుకోవడం మొదలెట్టాడు, గీయించుకుని లేచి చూస్తే వీధి చివర ఉన్నాడు. చెప్పులు ఇక్కడ, ఆయన అక్కడ!"

"ఆ చెప్పులు నేనే చూశాను," అన్నాడు టీకొట్టు పెద్దాయన, కళ్లు పెద్దవి చేసుకుని. ఏ చెప్పులు చూశాడో ఆయనకే తెలియాలి.

"చూసే ఉంటావు. ఇంకోరోజు కిరాణా ఆయన వరస పొరపాటున రెండుసార్లు పడింది. ఇద్దరు కిరాణావాళ్లు! ఒకే బొజ్జ, ఒకే తువ్వాలు, ఒకే తరాజు. నువ్వెవడివిరా అంటే నువ్వెవడివిరా అనుకున్నారు. కొట్లాట గుమ్మం దాకా వచ్చింది. అయితే వాళ్లావిడ మాత్రం ఒక్కతే కదా, ఆవిడ బయటికొచ్చి ఇద్దర్నీ చూసి, హమ్మయ్య, ఒకడు కొట్లో కూర్చోండి, ఒకడు బియ్యం ఏరండి అంది. బియ్యం ఏరమనగానే ఇద్దరూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, బాబ్బాబు, ఒకణ్ణి తీసెయ్యి అని కాళ్లావేళ్లా పడ్డారు!"

"ఎవర్ని తీశావు బావా?" అన్నాను. నిజంగానే అడిగాను.

"అదే కదరా చిక్కు. అసలువాడు ఎవడో నాకూ తెలియదు. ఇప్పుడున్నవాడు తూకం సరిగ్గానే వేస్తున్నాడు కాబట్టి బహుశా కొత్తవాడు."

మళ్లీ ఫోన్ గుర్రుమంది. మళ్లీ కట్ చేశాడు. "చెప్పాను కదా, వదలరు. పిన్నీ, నీ సంగతి కూడా చెప్పనా? భయపడకూడదు మరి. ఒకరోజు చెయ్యి జారి నీ వరస చెరిగిపోయింది."

పిన్ని ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది. "నేనెప్పుడు మాయమయ్యాను బాబూ?"

"మాయమైనవాళ్లకి మాయమైన సంగతి ఎలా తెలుస్తుంది పిన్నీ? నువ్వు లేవు, నీ బడ్డీ లేదు, నీ ఆకురాయి లేదు. ఇక చూడు, ఊళ్లో తాళాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. తలుపులు, బీరువాలు, పెట్టెలు, ఆఖరికి మూసిన నోళ్లు కూడా తెరుచుకోలేదు!"

"నీది తప్ప," అన్నాను.

"బావమరిదివని ఊరుకుంటున్నా. అప్పుడు నేనేం చేశాను? ముందుచూపుతో దాచిపెట్టిన బ్యాకప్ తీశాను. పాత కాపీలోంచి నీ వరసని పట్టుకొచ్చి మళ్లీ అతికించాను. వచ్చేశావు. కాకపోతే పాత కాపీ కదా, వచ్చినప్పుడు కాస్త వయసు తగ్గి వచ్చావు."

పిన్ని మోకాలు నిమురుకుంది. "అయ్యుండొచ్చు బాబూ. ఆ మధ్య ఒకరోజు మోకాలి నొప్పి లేదు నాకు, ఎందుకో అనుకున్నాను," అంది. ఆవిడ మొహంలో రవ్వంత కూడా నవ్వు లేదు.

బావ తాళంచెవి తిప్పడం ఆపి మమ్మల్ని దగ్గరికి రమ్మన్నాడు. ఇక కోట గోడ ఎక్కబోతున్నాడని నాకు తెలిసిపోయింది.

"ఇది బయట అనకండి. నా పేరు అక్కడా ఇక్కడా పాకి, ఆకాశం చూసుకునే పెద్దాఫీసు దాకా పోయింది. ఒక సాయంత్రం వాళ్ల కారు మా ఇంటి ముందు ఆగింది. ఏంటయ్యా అంటే, అయ్యా, పొద్దు కుంకింది, ఒక్క చుక్కా రాలేదు, మా ప్లగిన్ మొరాయించింది అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఆకాశం కూడా పట్టికే! ఒక్కో చుక్కకీ ఒక్కో వరస. తెరిచి కిందికి తోస్తున్నాను, తోస్తున్నాను, తోస్తున్నాను, వేలు అరిగిపోయింది గానీ పట్టిక అరగలేదు. కావాలంటే చూడండి."

అందరం వంగి వేలు చూశాం. కొసన నున్నగానే ఉంది.

"సూర్యుడికి ఇబ్బంది లేదు, ఆయనకి ముందే టైము పెట్టి ఉంచారు, పొద్దున్నే తనంతట తనే పబ్లిష్ అయిపోతాడు. చంద్రుణ్ణి మాత్రం రోజుకి కొంచెం ఎడిట్ చేస్తారు. చేసి చేసి, బాగా రాలేదని ఒకరోజు మొత్తం చెరిపేసి మళ్లీ మొదలెడతారు. నేను చుక్కల సంగతి చూశాను, ఎక్కడో ఒక వైరు లాంటిది ఊడింది, తగిలించాను, పబ్లిష్ నొక్కాను. అబ్బ! ఏం చెప్పను! ఈ కొసనుంచి ఆ కొసదాకా ఆకాశం ఒక్కసారి భగ్గుమంది. ఆ ఆఫీసరు, జుట్టు నెరిసినాయన, నా భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా టీకొట్టు పెద్దాయన చూసుకోలేదు. తాత, "మరి చుక్కకీ చుక్కకీ మధ్య నల్లగా ఉంటుందే, అదేంటి?" అన్నాడు.

బావ కూడా ఆ ప్రశ్న ఊహించలేదనుకుంటాను. ఒక్క క్షణం పైకి చూశాడు. "అదంతా డ్రాఫ్టు తాతా," అన్నాడు మెల్లిగా. "రాసిపెట్టారు, ఇంకా పబ్లిష్ చెయ్యలేదు. అక్కడ కూడా చుక్కలున్నాయి. రాసినవాడికి కనిపిస్తాయి, మనకి కనిపించవు, అంతే."

నాకు ఒళ్లు జలదరించింది. కోతలని తెలుసు, అయినా జలదరించింది. పట్టపగలు నలుగురం తలలెత్తి ఆకాశం చూశాం.

ముందు తల దించింది పిన్ని. "అంత పట్టికలో ఒక్క చుక్కని కూడా వదల్లేదు కదా బాబూ. మరి నా చుక్క ఎలా ఉందో ఒక్కసారి చూపిస్తావా?"

బావ దర్జాగా ఫోన్ తీసి చూపించాడు. ఎంత బాగుందని! బడ్డీ ముందు నిలబడి పిన్ని, వెనక వేలాడే తాళంచెవుల గుత్తులు, కింద మార్కెట్ వెనక సందుకి దారి, ఫోన్ నంబరు. పిన్ని తనని తాను చాలాసేపు చూసుకుంది.

"ఇంత బాగున్నానే, మరి ఎవరూ పిలవరేం?" అంది.

నా ఫోన్ కొట్లో ఛార్జింగుకి పెట్టి వచ్చాను. టీకొట్టు పెద్దాయన ఫోన్ అడిగి తీసుకుని సైట్లో పిన్ని పేజీ తెరిచాను. పేజీ దొరకలేదు అని వచ్చింది. తాత ఫోన్‌లో చూశాం. దొరకలేదు. బావ ఫోన్‌లో మాత్రం పిన్ని నిండుగా నిలబడి ఉంది.

"మీవి పాత ఫోన్లురా," అన్నాడు బావ.

ఆయన ఫోన్ లాక్కుని దగ్గరగా చూశాను. పేజీకి పైన ఓ మూల, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, డ్రాఫ్టు అని. సైటు యజమానిగా లోపల ఉన్నాడు కాబట్టి ఆయనకి ఒక్కడికే కనిపిస్తోంది. రోజూ చూసుకుని మురిసిపోతున్నాడు, లోకమంతా చూస్తోందనుకుంటున్నాడు. ఆ మాట పైకి చదివాను.

పిన్నికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు, ఇప్పుడే విన్న మాట కదా. కోపం కూడా తెచ్చుకోలేదు. "ఆకాశమంతా పబ్లిష్ చేశావు బాబూ," అంది, "నన్ను మాత్రం నల్లగానే ఉంచేశావా?"

తాళంచెవి బావ వేలికి ఊరికే వేలాడుతోంది. ఫోన్ తీసుకుని, తల వంచుకుని, ఒక్కసారి నొక్కాడు.

టీకొట్టు పెద్దాయన ఫోన్‌లో పిన్ని వచ్చింది. తాత ఫోన్‌లో వచ్చింది. అదే బడ్డీ, అవే గుత్తులు. "అమ్మో," అన్నాడు తాత. ఇందాకటి చుక్కలకంటే నాకు ఇదే పెద్ద వింతగా అనిపించింది, చెప్పొద్దూ.

గ్లాసులు కూడా కడగలేదు, పిన్ని ఫోన్ మోగింది. ఆవిడకి వినికిడి తక్కువ, అందుకని ఫోన్ గొంతు బాగా పెంచి పెట్టుకుంటుంది. అవతలి మాటలు వీధంతా వినిపించాయి.

"పిన్నీ, నేనూ, టైలర్ వాళ్లక్కని. మా ఆయన ఇంటికి తాళం వేసి చెవి జేబులో వేసుకుని పోయాడు. కూరగాయల సంచులతో గుమ్మం ముందు నిలబడ్డాను. ఆయనకి చేస్తే కట్ చేస్తున్నాడు, తమ్ముడికి చేస్తే మోగుతూనే ఉంది. సైటు చేశా, సైటు చేశా అని చెవులు తినేస్తాడు కదా, అందులో నీ నంబరు ఉంటుందని ఇందాకట్నుంచీ వెతుకుతున్నాను. ఇదిగో, ఇప్పటికి కనిపించావు. కాస్త వచ్చి తలుపు తెరుస్తావా?"

తాత బావ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "పెద్దాఫీసు నుంచేనా?" అన్నాడు.

బావ వేలికున్న తాళంచెవి తీసి పిన్ని ముందు పెట్టాడు. "పిన్నీ, చెవి నా దగ్గరే ఉంది. నువ్వెందుకు శ్రమపడటం, నేనే పోతాలే."

పిన్ని అప్పటికే పనిముట్ల పెట్టె భుజానికి తగిలించుకుంది. "నీ చెవి నీ దగ్గరే ఉండనీ బాబూ. పిలుపు నాకొచ్చింది," అని, ఫోన్‌లో "గుమ్మం దగ్గరే ఉండమ్మా, వస్తున్నా" అంటూ మోకాలి నొప్పి లేనిదానిలా గబగబా నడిచి వెళ్లిపోయింది.