మూత లోపలి కోడిపుంజు

అదే చెబుతున్నాను అత్తయ్యా, మీ సమాధి మీద గడ్డి కోసినట్టు లేదు, క్షవరం చేసినట్టుంది. కొడవలి పట్టే రోజులు పోయాయి. మీ మరిదిగారి మనవడు పెట్రోలు మిషను తెచ్చాడు. భుజాన తగిలించుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, యుద్ధానికి బయల్దేరినవాడిలా వచ్చాడు. ఇదిగో, ఇక్కడ ఇంత మేర బోడి చేసి, "ఏం ఫరవాలేదు పెద్దమ్మా, వచ్చే ఏటికి పెరుగుతుందిలే" అన్నాడు. వాడి నెత్తి మీద మాత్రం ఎన్నేళ్లయినా పెరగడం లేదు. ఆ మాట నేను అనలేదు. అనాల్సింది.

మగవాళ్లంతా కొండ కిందికి దిగిపోయారు. వంశ మందిరంలో భోజనాలు. నేను మోకాళ్ల నొప్పని చెప్పి ఆగిపోయాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి. మీతో పనుండి ఆగాను.

ముందు ఇది తాగండి. బియ్యపు కల్లు. నా ముందు తాగేవారు కాదు కదూ? వంటింట్లో కుండ దానంతటదే తగ్గిపోతోందని ముప్పయ్యేళ్లు నేనూ నమ్మినట్టు నటించాను.

సంగతేమిటంటే, మీ జేబు గడియారం అడుగుతున్నారు.

ఇంకెవరు? వంశపెద్ద బ్యోంగ్ హో గారే. మందిరంలో అద్దాల పెట్టె చేయించారు. పక్కన పెట్టడానికి అట్ట మీద అందంగా రాయించారు కూడా. ఆ గడియారం రాజుగారి ఆస్థానం నుంచి మామయ్యగారికి బహుమానంగా వచ్చిందట! విని నేను తల ఊపాను. ఏం చేయమంటారు? అందోంగ్ పశువుల సంతకి ఎద్దును తోలుకెళ్లి, సాయంత్రానికి గడియారంతో తిరిగొచ్చాడు మహానుభావుడని నాకు చెప్పింది మీరే కదా. ఆ ఏడు దున్నడానికి ఎద్దు లేకపోయినా, సరిగ్గా ఎన్ని గంటలకి దున్నడం లేదో తెలిసేదని మీరే నవ్వారు.

నవ్వారు గానీ, మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదట. ఆ తర్వాత యుద్ధంలో సామాన్లు మోయడానికని సైన్యం వాళ్లు ఆయన్ని పట్టుకెళ్లారు. ఇక రాలేదు. మీరు గడియారాన్ని నడికట్టులో పెట్టి కుట్టుకుని, ఇద్దరు పిల్లల్నీ తీసుకుని దక్షిణానికి నడిచారు. నక్తొంగ్ నది ఇసుకలో, ఆ జనంలో, చిన్నవాడు తప్పిపోయాడు. మాన్ బొక్. ఆరేళ్లవాడు.

వాడి చెయ్యి పట్టుకున్నది పెద్దవాడు మాన్ సిక్. అదే, నా మొగుడు. ఆయన ఆ చెయ్యి గురించి నాతో ఒక్కనాడూ మాట్లాడలేదు. "తమ్ముడు చచ్చిపోయాడు" అనేవాడు, అంతే. మీరేమో రోజూ తెల్లారగానే గడియారానికి కీ ఇచ్చేవారు. మొగుడి కోసం అని ఊరంతా అనుకున్నారు. "వాడికది టిక్కుటిక్కుమంటేనే నిద్రపట్టేది" అని నాతో ఒక్కదానితోనే అన్నారు, ఒకసారి, బీన్సు ఒలుస్తూ.

ఆ వేసవి గుర్తుందా? యుద్ధమైన ముప్పయ్యేళ్లకి, అందులో తప్పిపోయినవాళ్లని టీవీలో చూపించి కలిపారే, ఆ వేసవి. ఊళ్లో ఉన్న ఒక్క రంగుల టీవీ ముందు అందరం కూర్చుని ఏడ్చేవాళ్లం. టోపీల దుకాణం ముసలాయనకి తప్పిపోయినవాళ్లెవరూ లేరు. అయినా అందరికంటే ఎక్కువ ఏడ్చాడు, చల్లటి పుచ్చకాయ పెడుతున్నారని.

అప్పుడొచ్చాడు కదా, మాసాన్ నుంచి ఆ మనిషి. చో దల్సు. అనాథాశ్రమం వాళ్లు పెట్టిన పేరు. ఓడల కర్మాగారంలో వెల్డింగ్ చేస్తాడు. చేతినిండా కాలిన మచ్చలు. పీచ్ పళ్ల డబ్బా ముందు పెట్టి, మీ ఎదుట నేలకి తలాన్చి దణ్ణం పెట్టాడు. నాన్న పేరు గుర్తులేదన్నాడు. ఊరి పేరూ సగమే చెప్పాడు. మన పెద్దలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అప్పటికే పక్క ఊళ్లో ఎవడో దొంగ కొడుకొచ్చి రెండు పొలాలు రాయించుకుపోయాడని పుకారు. మన కొండ మడి మీద బ్యోంగ్ హో గారికి ఎంత ప్రేమో మీకు తెలియనిదా?

"ఒక్కటి మాత్రం గుర్తుంది" అన్నాడు ఆ మనిషి. "నాన్న గడియారం వెనక మూత తీసి, లోపల మేకుతో కోడిపుంజు గీశాను. నాన్న చితక్కొట్టాడు."

మీకు దెబ్బలు గుర్తున్నాయి. ఎందుకు కొట్టాడో ఎవరూ మీకు చెప్పలేదు. వెనక మూత మీరెప్పుడూ తీయలేదు కూడా, పాడవుతుందని. మీ మొహం ఎలా వెలిగిందో! అలాంటి మొహం అంతకుముందు నేను చూడలేదు. తర్వాతా చూడలేదు.

"తీయండి చూద్దాం" అన్నారు బ్యోంగ్ హో గారు, న్యాయాధికారిలా గొంతు సవరించుకుని.

కత్తి మొనతో మూత తీశారు. లోపల ఏముంది? ఏమీ లేదు. అద్దంలా నున్నగా ఉంది.

"ఇంకేం?" అన్నారాయన. "లేచిరా నాయనా. వేరే ఊరు వెతుక్కో."

మీరు ఆ మూత లోపల బొటనవేలితో తడిమి చూశారు. మాన్ సిక్ సిగరెట్టు వెలిగించుకుని పెరట్లోకి పోయాడు. కాసేపటికి మీరు, "అన్నం వేళయింది. తినేసి వెళ్లు" అన్నారు ఆ మనిషితో. నేను నూడుల్స్ పెట్టాను, పైన గుడ్డు వేసి. తలొంచుకుని తిన్నాడు. గిన్నె ఎత్తి చారు మొత్తం తాగాడు. సిగరెట్టు పెట్టె చింపి దాని మీద అడ్రసు రాసి మీ చేతిలో పెట్టి, "ఎప్పుడైనా మాన్ బొక్ దొరికితే నాకూ చెప్పండమ్మా, సంతోషిస్తాను" అని వెళ్లాడు.

ఇప్పుడు వినండి. నిద్రపోకండి.

అది మన గడియారం కాదు అత్తయ్యా. ఆ రోజు మూత తీసిందీ అదే, ఇప్పుడు అద్దాల పెట్టెలోకి అడుగుతున్నదీ అదే.

ఆ మనిషి రావడానికి ఇరవయ్యేళ్ల ముందు మాట, నా పిల్ల ఒక్బున్ అప్పుడు ఎనిమిది నెలలది. గుర్తుందా, ఊపిరి అందక నీలంగా అయిపోయింది? ఆ వారమే గడియారం ఆగిపోయింది. మీరేమో "ముందు దాన్ని బాగు చేయించుకురా" అని నన్ను సంతకి పంపారు. పిల్లని వీపుకి కట్టుకుని వెళ్లాను. గడియారాలు బాగుచేసే గూ, ఆ కొక్కిరి పళ్లవాడు, వెనక మూత తీశాడు. తీసి నవ్వాడు. "ఈ బంగాళాదుంపకి కాళ్లెవరు పెట్టారమ్మా?" అన్నాడు. చూశాను. కోడిపుంజే. తోక పెద్దది, కళ్లు రెండూ ఒకే పక్కన.

తర్వాత నా వీపు మీదికి చూశాడు. వాడి సొరుగులో పెన్సిలిన్ ఉంది, అమెరికా సైన్యం వాళ్లది, ఎవరి దగ్గర కొన్నాడో మరి. మనది వెండి గడియారం. వాడి దగ్గర అచ్చం అలాంటిదే ఇంకోటుంది, తెల్ల మొహం, అవే అంకెలు, కాకపోతే వెండి కాదు. "ఇది తీసుకెళ్లు, మందు తీసుకెళ్లు. మీ అత్తగారికి చూపు ఆనదు కదా" అన్నాడు. మీ చూపు సంగతి సంతలో అందరికీ తెలుసు.

మరునాడు చెవి దగ్గర పెట్టుకుని, "చప్పుడు కొంచెం మారిందే" అన్నారు మీరు.

"నూనె వేశాడు" అన్నాను.

పిల్ల బతికింది. ఇప్పుడు తేగూలో బట్టల షాపు. నెలకోసారి ఫోన్ చేసి, బరువు తగ్గమని నాకు సలహాలిస్తుంది. దానికోసం ఏమేం మార్చానో దానికి తెలియదు. చెప్పను కూడా. విసుక్కుంటుంది.

కాబట్టి ఆ మనిషి కోడిపుంజు అన్న క్షణాన నాకు తెలిసిపోయింది. ఇంకెవరికీ కాదు, నాకొక్కదానికే. తర్వాత నూడుల్స్ గిన్నె అందిస్తున్నప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. ఎందుకు చెప్పలేదంటారా? నవ్వకండి. నా తల మీద గోడకి ఆ పటం వేలాడుతోంది. ఆ వసంతంలోనే మండలం ఆఫీసు వాళ్లు నాకు ఉత్తమ కోడలు బహుమతి ఇచ్చారు కదా, పటం కట్టిన ప్రశంసాపత్రం, దాంతోపాటు ఒక దుప్పటి. అత్తగారి వస్తువు దొంగిలించి మార్చేశానని ఆ పటం కింద నిలబడి, అంతమంది మగవాళ్ల ముందు ఎలా చెప్పను? రేపు చెబుదాంలే అనుకున్నాను. మనిషి వెళ్లాక, మీకొక్కరికే, మెల్లగా. మీరు ఇంకో ఎనిమిదేళ్లు బతికారు. అన్ని రేపులు ఉన్నాయి చూడండి.

మీరు పోయాక మీ పెట్టె సర్దుతుంటే ఆ సిగరెట్టు అట్ట దొరికింది. ఉన్నిబట్టలో చుట్టి దాచారు. మూడేళ్లు నేనూ దాచాను. మొన్న వసంతంలో బస్సెక్కి మాసాన్ వెళ్లాను.

అడ్రసులో ఉన్న సందులో ఆయన భార్య సాక్సులు అమ్ముతోంది, గొనెపట్టా పరిచి. కూపీ లాగడం నాకు కొత్తా? పావుగంటలో అంతా చెప్పేసింది. మనిషి పోయి నాలుగేళ్లయింది, పరంజా మీంచి పడి. మీకంటే ఏడాది ముందే. పిల్లల్లేరు. తద్దినం పెట్టేటప్పుడు చీటీ మీద పోయినవాడి వంశం పేరు రాయాలి కదా, అక్కడ ఖాళీ వదిలేస్తుందట.

"ఒకసారి అందోంగ్ వైపు ఏదో ఇంటికి వెళ్లొచ్చారు" అంది. "మనవాళ్లు కారు గానీ మంచివాళ్లు, నూడుల్స్‌లో గుడ్డు కూడా వేశారు అనేవారు. గడియారంలో బొమ్మ గీశానని చిన్నప్పట్నుంచీ చెప్పేవారు. అక్కణ్నుంచి వచ్చాక, అది నేను కల్పించుకున్నానేమోనే, నాకసలు నాన్నే లేడేమో అనేవారు."

అని, నా వంక చూసింది. "మీరెవరండీ? ఆయన మీకు తెలుసా?"

ఇదిగో, ఇక్కడ చెప్పొచ్చు అత్తయ్యా. వంశ గ్రంథంలో వాడి పేరు ఎక్కించొచ్చు. ఇప్పుడు నా మొగుడూ లేడు, నన్ను తరిమేవాళ్లూ లేరు.

"తెలియదమ్మా," అన్నాను. "సాక్సుల కోసం వచ్చాను."

రెండు జతలు ఇచ్చింది. మగవాళ్లవి. మా ఇంట్లో వేసుకునేవాళ్లెవరున్నారు? నేనే వేసుకుంటున్నాను. కొంచెం వదులు. వెచ్చగానే ఉన్నాయి.